నాలుగు గీతలు, ఒక దిష్టి చుక్క

“పంతులుగారి మొహమ్మీద తలుపు వెయ్యడానికి నీకు చేతులెలా ఆడాయి?”

శ్రీరామమూర్తి ఈ మాట అడగడం పొద్దుట్నుంచీ ఇది మూడోసారి. మూడోసారి కూడా హైమవతి తల ఎత్తలేదు. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. సన్నగా, అన్నీ ఒకే లావున, తొందరేమీ లేనట్టు.

“గురువారం అబ్బాయి సంవత్సరీకం. ఇవాళ సోమవారం. ఏమేం తేవాలో చెప్పడానికి నిన్న ఆయన వస్తే గుమ్మంలోంచే పంపేశావు. వీధంతా చెప్పుకుంటున్నారు.”

“చెప్పుకోనివ్వండి.”

“హైమా...”

“బతికున్న కొడుక్కి పిండం పెట్టనివ్వను.”

కేక వేసి అనలేదు. ఉప్పు డబ్బా అందుకోమన్నంత మామూలుగా అంది. పక్కగది గుమ్మంలో నిలబడ్డ నీహారికకి అందుకే ఒళ్ళు జలదరించింది. ఏడ్చినన్నాళ్ళూ అమ్మ అమ్మలాగే ఉండేది. పదిరోజుల నుంచి ఏడుపు మానేసింది.

“వాణ్ణి నేను చూశాను,” అన్నాడు శ్రీరామమూర్తి. “మార్చురీలో. ఒంటిమీద చొక్కా వాడిది. చేతికి వాచీ వాడిది.”

“మొహం?”

ఆయన ఆఫీసుకి తీసుకెళ్ళే టిఫిన్ డబ్బా మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“మూడురోజులు మూసీ నీళ్ళలో నానిన మొహం. అందులో చూడ్డానికేముంటుంది?”

“అదే అడుగుతున్నాను. ఏముంది?”

ఆవిడ ఇంకో బెండకాయ అందుకుంది.

“నాకు వాడి పెట్టె కావాలి,” అంది హైమవతి.

రఘురామ్ కంప్యూటర్‌ని ఆ ఇంట్లో ఎవరూ కంప్యూటర్ అనలేదు. పెట్టె అనేవాళ్ళు. పోయినేడు పన్నెండో రోజున, పోయినవాడు వాడుకున్నవన్నీ దానమిచ్చెయ్యాలని ఎవరో పెద్దమనిషి అన్నాడు. మంచం, గొడుగు, చెప్పులు, రాగిచెంబుతో పాటు శ్రీరామమూర్తి దాన్ని కూడా ఇచ్చేశాడు. పంతులుగారు మానిటర్‌ని కొత్త పంచెలో చుట్టి, రిక్షాలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాడు. నెల తిరక్కుండా అమ్మేశాడట. బల్లమీద పెట్టె ఉన్నచోట, రంగు వెలవని నలుచదరపు మచ్చ ఒకటి మిగిలింది. హైమవతి రోజూ బల్లంతా తుడిచేది. ఆ మచ్చ జోలికి మాత్రం పోయేది కాదు.

“అన్నం మానేసి దానిమీద ఆడేవాడు. నేనే తిట్టేదాన్ని,” అందావిడ. “అది గడప దాటాకే వాడికి ఈ ఇంటి దారి తప్పింది. గురువారం లోపల ఆ బల్లమీద మళ్ళీ పెట్టె వెలగాలి. వాడు ఆడుకునేలాంటిదే. అది వెలిగాక కూడా వాడు రాకపోతే మీ పంతుల్ని పిలుచుకోండి. నేను అడ్డురాను.”

శ్రీరామమూర్తి కూతురి వైపు చూశాడు. ఏడాదిలో ఆయన మెడ సన్నబడింది. చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది.

“విడిభాగాలతో కట్టగలవా?”

“కడతాను నాన్నా. అన్నయ్య కడుతుంటే పక్కనే కూచుని చూసినదాన్నే కదా.”

“అయితే కోఠీలో కొను. శాలిబండలో ఆ ప్రహ్లాద్ కొట్టుకి మాత్రం వెళ్ళకు.”

“ఎందుకని?”

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఉన్న డబ్బుకి కోఠీలో సగం కంప్యూటరే వస్తుంది. పదకొండు గంటలకి నీహారిక శాలిబండలో ఆటో దిగింది.

“రా చెల్లె, కూసో. కరెంటు పోయి గంటైతుంది. చాయ్ తాగుతవా?”

“వద్దన్నా. ఈ చిట్టీ చూడు.”

ప్రహ్లాద్‌కి నలభై ఏళ్ళుంటాయి. తాతలనాటి ఇత్తడి సామాన్ల కొట్టు అది. ఇప్పుడు బిందెల పక్కన పాత మానిటర్లు, గంగాళాల్లో వైర్లు. రఘురామ్ బతికున్నన్నాళ్ళూ సగం రోజు ఇక్కడే ఉండేవాడు. కుర్రాళ్ళకి తక్కువలో ఆటల కంప్యూటర్లు కట్టిపెట్టేవాడు, ఇళ్ళకి వెళ్ళి పాడైనవి బాగు చేసేవాడు.

ప్రహ్లాద్ చిట్టీ చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

“గిది ఎవలు రాసిన్రు?”

“నేనే.”

“అచ్చం రఘు రాసినట్టే ఉన్నది. అందరు ప్రాసెసర్ మొదలు రాస్తరు. వాడొక్కడే ఎస్‌ఎంపీఎస్ మొదలు రాస్తుండె.”

ఎస్‌ఎంపీఎస్ అంటే పెట్టె లోపల అన్నిటికీ కరెంటు అందించే ఇనప డబ్బా. ప్రహ్లాద్ రెండు తెచ్చి గల్లా మీద పెట్టాడు. నీహారిక ఒక్కోదాన్నీ రెండు అరచేతుల్లో పట్టుకుని చూసింది. అన్న నేర్పిన పద్ధతి అది.

“ఇది తేలిగ్గా ఉంది. లోపల సగం ఖాళీ.”

“పైన కాగితం సూడు. మూడొందల వాట్లని రాసున్నది.”

“కాగితం మీద ఎంతైనా రాయొచ్చన్నా.”

“నీతోని లొల్లి నాకొద్దు. గా బరువుదే తీస్కో. పెండ్లికొడుకు సూటు మంచిగుంటే సరిపోతదా, గుండె మంచిగుండాలె.”

“ర్యామ్ రెండు అరవైనాలుగులొద్దు. ఒక్కటే నూట ఇరవయ్యెనిమిది ఎంబీది ఇవ్వు. ఇంకో గాడి ఖాళీగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం నీ దగ్గరున్నవాటిలో మంచిది కావాలి.”

“మరి ప్రాసెసర్?”

“చిన్నది చాలు. డ్యూరాన్.”

“గదీ తెలివి. మస్తుమంది ఉల్టా జేస్తరు. ప్రాసెసర్ పెద్దది కొంటరు, కార్డు కాడ పిసినారితనం. ఇగ ఆటల గుర్రం ఉరుకదు, గాడిద లెక్క నడుస్తది. మల్ల వచ్చి నన్ను తిడ్తరు.”

నవ్వుతూనే ప్రాసెసర్లున్న అద్దాల పెట్టె మూత తీశాడు. ఒకదాని మీద వేలు పెట్టాడు.

టక్. టక్.

కొట్టు వెనక చెక్క అడ్డు ఉంది. దాని అవతల నుంచి రెండుసార్లు, మెల్లిగా, చెక్కమీద ఎవరో వేలితో కొట్టిన చప్పుడు.

ప్రహ్లాద్ వేలు అక్కడే ఆగింది. అద్దాల పెట్టె మూసేశాడు. వంగి గల్లా కింద సొరుగు లాగి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీశాడు.

“గిది తీస్కపో.”

“ఆ పెట్టెలోవి?”

“గవి నీకొద్దు. గిది మంచిగ నడుస్తది.”

“లోపల ఎవరన్నా?”

“ఎవలుంటరు? పాత ఫ్యాను. తిరిగినప్పుడల్ల కొట్టుకుంటది.” సంచిలో సామాన్లు సర్దుతూ ఆమె మొహం చూడలేదు. “అమ్మ మంచిగున్నదా?”

“పెట్టె వెలిగితే అన్నయ్య వస్తాడంటోంది.”

అడ్డు అవతల ఎవరో ఊపిరి గట్టిగా లోపలికి పీల్చినట్టయింది. ప్రహ్లాద్ వెంటనే దగ్గాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు దగ్గాడు.

“పో చెల్లె. ఎండెక్కుతుంది.”

సంచి భుజానికి తగిలించుకుని గల్లీ మొగ దాకా వచ్చింది. అంతలో అటూ ఇటూ ఇళ్ళలోంచి ఒక్కసారి రేడియోలు మోగాయి, పిండిమర గరగర మొదలైంది. “కరెంటొచ్చింది,” అని ఎవరో పిల్ల అరిచింది.

నీహారిక ఆగిపోయింది.

కరెంటు ఇప్పుడొచ్చింది. మరి ఇందాక తిరిగిన ఫ్యాను ఏది?

వెనక్కి నడిచింది. పరుగులాంటి నడక. ప్రహ్లాద్ కొట్టు షట్టరు దించి ఉంది. పట్టపగలు, పదకొండున్నరకి. కొట్టింది. పిలిచింది. లోపల్నుంచి ఇత్తడి బిందె ఒకటి దొర్లిన చప్పుడు, ఆ వెంటనే దాన్ని చేత్తో పట్టి ఆపిన చప్పుడు వినిపించాయి. అంతే.

మధ్యాహ్నమంతా ఆమె అన్న గదిలో, అన్న బల్లముందు కూర్చుంది. వంటింట్లోంచి దిబ్బరొట్టె కాలుతున్న వాసన వస్తోంది. రఘుకి ఇష్టమైనది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ కాల్చలేదు.

“ఎంతసేపట్లో వెలుగుతుందే?” అంది హైమవతి గుమ్మంలోంచి.

“ఇంకా చాలా ఉందమ్మా.”

“వాడైతే ఈపాటికి అయిపోగొట్టేవాడు.” వెళ్తూ వెళ్తూ కుర్చీని ఇంకొంచెం వెనక్కి జరిపింది. “వాడి కాళ్ళు పొడుగు.”

ఆ కుర్చీలో కూర్చున్నది నీహారిక. కూతురు కూర్చుని ఉండగానే జరిపింది.

ఖాళీ పెట్టెలో మదర్‌బోర్డు బిగించింది. ర్యామ్ పిన్నుల్ని రబ్బరుతో రుద్ది గాడిలో నొక్కింది. చివరగా వెండి కాగితం విప్పింది.

అగ్గిపెట్టె కన్నా కాస్త వెడల్పైన బిళ్ళ. నడుమ నల్లటి ముక్క. దాని పక్కన కంటికి ఆనీ ఆనని బంగారు చుక్కలు. ఆ చుక్కల మధ్య నాలుగు పెన్సిల్ గీతలు మెరిశాయి.

అందులో వింత లేదు. ఆ గీతలు గీస్తే ప్రాసెసర్‌కి కంపెనీ వేసిన తాళం ఊడుతుంది. చవకదాన్ని కూడా ఖరీదైనదానిలా పరుగెత్తించొచ్చు. తక్కువ డబ్బుతో కట్టేవాళ్ళు సగంమంది చేసే పనే.

కానీ బిళ్ళ ఎడమ మూలన, ఏ పనికీ రాని చోట, ఇంకో చుక్క ఉంది. పెన్సిల్‌తో గుండ్రంగా దిద్దిన చుక్క.

నీహారిక దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంది.

అది దిష్టి చుక్క. మొదటిసారి రఘు గీసిన ప్రాసెసర్ నిమిషంలో మాడిపోతే, “అంత మురిసిపోయావు, దిష్టి తగిలింది,” అని అమ్మ వెక్కిరించింది. అప్పట్నుంచీ ప్రతి ప్రాసెసర్‌కీ, చంటిపిల్ల బుగ్గన పెట్టినట్టు, మూలన ఒక చుక్క పెట్టేవాడు. నవ్వుకుంటూ మొదలుపెట్టాడు. తర్వాత చుక్క పెట్టందే బిగించడానికి చెయ్యి వచ్చేది కాదు వాడికి. లోకంలో ఇంకెవరికీ ఈ పిచ్చి లేదు.

మరుక్షణం తట్టింది. ఇది అన్నయ్య పెట్టెలోదే. పంతులుగారు అమ్మేశాడు, చేతులు మారి ప్రహ్లాద్ దగ్గరకి చేరింది. వాడి ప్రాసెసర్ వాడి బల్ల దగ్గరకే వచ్చింది. అంతే. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, బిగించబోతూ, నడుమ నల్లముక్క మీది అక్షరాలు చదివింది.

డీ ఎనిమిది వందలు. ప్రాసెసర్ వేగం అది.

అన్నయ్యది ఆరువందల యాభై.

కింద చిన్న వరసలో నాలుగంకెలు. సున్నా, ఒకటి, ఒకటి, రెండు. అవి చదవడం కూడా వాడే నేర్పాడు. మొదటి రెండూ తయారైన ఏడాది, తర్వాతి రెండూ వారం. పాత సరుకుని కొత్తదని అంటగట్టకుండా చూసుకోవాలని.

రెండువేల ఒకటి. పన్నెండో వారం. మార్చి.

రఘురామ్ పోయింది రెండువేల సంవత్సరం శ్రావణంలో.

వాణ్ణి చితిమీద పెట్టిన ఏడెనిమిది నెలలకి, ఎక్కడో దూరదేశంలో ఈ బిళ్ళ పుట్టింది. ఆ తర్వాత దీనిమీద వాడు దిష్టి చుక్క పెట్టాడు.

వేలితో తాకింది. పొడి అంటింది. పెన్సిల్ గీత ఇంకా కొత్తదే.

శ్రీరామమూర్తి సాయంత్రం ఐదున్నరకి వచ్చాడు. చెప్పులు విప్పకముందే నీహారిక ఆయన్ని గదిలోకి లాగింది. అరచేతిలో బిళ్ళ చూపించింది. అంకెలు చదివి వినిపించింది. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటే చెప్పింది. వెనక అడ్డు. వేలి చప్పుడు. తిరగని ఫ్యాను.

ఆయన ఉలిక్కిపడతాడనుకుంది. కూలబడతాడనుకుంది. హైమా అని పిలుస్తాడనుకుంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, బిళ్ళని వెలుతురులోకి తిప్పి చూశాడు. తర్వాత బొటనవేలు నాలుకకి తడిచేసుకుని, మూలనున్న చుక్కని తుడిచేశాడు.

శుభ్రంగా పోయేదాకా తుడిచాడు.

“ఎన్నిసార్లు చెప్పాను వాడికి,” అన్నాడు తనలో తను అనుకున్నట్టు. “ఆ చుక్క పెట్టద్దని.”

నీహారిక గోడని ఆనుకుంది. 

“నీకు తెలుసు.”

“మెల్లిగా మాట్లాడు.”

“ఏడాది నుంచీ తెలుసు. అమ్మ అలా అయిపోతుంటే చూస్తూ ఊరుకున్నావు.”

“ఎవరింట్లోనో కంప్యూటరు బాగు చెయ్యడానికి వెళ్ళాడు. అందులో చూడకూడనిదేదో చూశాడు. ఏమిటని నేనడగలేదు, వాడు చెప్పలేదు. ఆ రాత్రే, వాళ్ళు చంపేస్తారని పరుగెత్తుకొచ్చి నా కాళ్ళమీద పడ్డాడు. వాణ్ణి దాచి, కనబడ్డం లేదని పోలీసులకి నేనే చెప్పాను. నాలుగోనాడు మార్చురీకి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. ఎవరో కుర్రాడు. వీడి ఎత్తే.” శ్రీరామమూర్తి మంచం పట్టె మీద కూర్చున్నాడు. “అవునన్నాను. మా వాడే అన్నాను. చచ్చినవాడి కోసం ఎవరూ వెతకరు కదా.”

“చొక్కా? వాచీ?”

“అన్నీ అవునన్నాను.”

“మరి మనం కాల్చింది ఎవర్ని నాన్నా?”

శ్రీరామమూర్తి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“తెలీదమ్మా. వాడికీ అమ్మ ఉండే ఉంటుంది. ఆవిడ కూడా ఎక్కడో ఇలాగే గుమ్మం చూస్తూ కూచుని ఉంటుంది. అమావాస్యకి తర్పణం వదిలేటప్పుడు రఘు పేరు పైకి చెప్తాను. లోపల ఆ కుర్రాడికి వదుల్తాను. పేరు తెలీదు కదా, ఏమని పిలవను?”

నీహారిక కన్నీళ్ళు తుడుచుకుంది. “అమ్మకి చెబుదాం. ఇప్పుడే. గురువారం ఏమీ వద్దు.”

“గురువారం జరగాలి.” ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.  “పోయినేడు పన్నెండోరోజు భోజనాల్లో, మనం పిలవనివాళ్ళు ఇద్దరు కూచుని తిన్నారు. మా ఆఫీసువాళ్ళనుకుంది మీ అమ్మ. వీధివాళ్ళనుకున్నారు బంధువులు. వాళ్ళు విస్తట్లోకి చూడలేదు నీహా. మీ అమ్మ మొహంలోకి చూశారు. నిజంగా కొడుకు పోయిన తల్లి మొహమేనా అని.”

“వాళ్ళు మళ్ళీ...”

“మొన్న శుక్రవారం ఆఫీసుకొచ్చారు. సంవత్సరీకం ఎప్పుడండీ, భోజనానికొస్తాం అన్నారు. నవ్వుతూనే అన్నారు. నిన్న మీ అమ్మ పంతుల్ని వెళ్ళగొట్టిన సంగతి ఇప్పటికే వాళ్ళ చెవిన పడి ఉంటుంది.” చేతిలోని బిళ్ళని కూతురి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. “వాడు బతకాలంటే గురువారం వాడికి పిండం పడాలి. మీ అమ్మ ఏడవాలి. నిజంగా ఏడవాలి. నిజం తెలిస్తే ఏడవలేదు. అందుకే చెప్పలేదు.”

గుమ్మం దగ్గర గాజులు కదిలాయి.

హైమవతి నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, అందులో పొయ్యి మీంచి నేరుగా తెచ్చిన దిబ్బరొట్టె. ఆవిరి రావడం ఎప్పుడో ఆగిపోయింది. అంటే ఆవిడ వచ్చి చాలాసేపయింది.

 ఆవిడ అరుస్తుందని, అడుగుతుందని, ఎక్కడున్నాడో చెప్పమని ఆయన చొక్కా పట్టుకుంటుందని తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎదురుచూశారు.

ఆవిడ లోపలికొచ్చి పళ్ళెం బల్లమీద పెట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. ఏడాదిగా ఆ మొహంలో లేని రంగేదో ఇప్పుడు వచ్చింది. అది సంతోషమో మరొకటో నీహారికకి అర్థం కాలేదు. చూడ్డానికి మాత్రం భయం వేసింది.

“పంతులుగారికి కబురు చెయ్యండి,” అంది హైమవతి. “నేను క్షమించమన్నానని చెప్పండి.”

“హైమా, నువ్వు...”

“ఏడుస్తాను. అది నాకు వదిలెయ్యండి.” భర్త కళ్ళలోకి సూటిగా చూసింది. “వాళ్ళిద్దర్నీ మాత్రం వంటింటికి దగ్గరగా కూర్చోబెట్టండి. వాళ్ళ వడ్డన నేను చూసుకుంటాను.”